పాప మొదటి పుట్టినరోజు కృతజ్ఞత కూడికలో పరలోక నిరీక్షణ గురించి ఎలా చెప్పాలి? (బెంగళూరు, హోరమావు)

హోరమావు నాన్న:

అందరికీ వందనాలండి. వచ్చే నెల రెండో శనివారం మా పాపకు ఏడాది నిండుతుంది. మేముండే అపార్ట్‌మెంట్ పార్టీ హాల్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నాం. ఎనభై మంది దాకా వస్తారు. సగం మంది మా తెలుగు సంఘం వాళ్ళు. మిగతావాళ్ళు ఆఫీసు స్నేహితులు, పక్క ఫ్లాట్ల వాళ్ళు, ఊరి నుంచి వచ్చే బంధువులు. వీళ్ళలో ఎక్కువమంది హిందువులే.

ఈ పాపకు ముందు మాకు పుట్టిన పెద్దపాప నాలుగో నెలలో చనిపోయింది. ఆ పాప పేరు కూడా ఆరోజు తలచుకోవాల్సిందే అని మా అమ్మ అంటోంది. శుభమా అని పండగ చేసుకుంటూ చావు మాట ఎత్తొద్దని మా అత్తగారు అంటున్నారు. పాస్టరుగారేమో పరలోక నిరీక్షణ మీద అరగంట వాక్యం చెబుతానన్నారు. నా భార్యకు ఆ అంశం ఇష్టమే కానీ, ఎవరో ఒకరు ఏదో ఒక మాట అనేస్తే తట్టుకోలేనేమో అని భయపడుతోంది.

ఏ వాక్యభాగం తీసుకుంటే బాగుంటుంది, ఎంతసేపు చెప్పాలి, ఏ మాటలు అనకూడదు, పదిహేను మంది పిల్లలు వస్తారు కాబట్టి వాళ్ళకేం చెప్పాలి? హాలు, భోజనాల విషయంలో తెలిసినవాళ్ళు కూడా చెప్పండి.

కె.ఆర్.పురం పెద్ద:

వందనాలు బ్రదర్. మీ అమ్మగారి మాటా, అత్తగారి మాటా రెండూ నిలబడేలా చేయొచ్చు. అంతా వాక్యభాగాన్ని ఎంచుకోవడంలో ఉంది.

పుట్టినరోజున పరలోకం గురించి చెబితే అది భూస్థాపన ప్రసంగంలా మారిపోవడానికి ఒక కారణముంది. చాలామంది బోధకులు అక్కడ చదివే భాగాలే ఇక్కడా తెరుస్తారు. కీర్తన 90, యోహాను 14, 1 థెస్సలొనీక 4. అమూల్యమైన భాగాలే, కానీ వినేవాళ్ళకు వాటితోపాటు శవపెట్టె, పూలదండలు, మట్టి వేసిన చప్పుడు గుర్తొస్తాయి. మీ భార్యకైతే మరీను. అందుకని విందు ఉన్న భాగం తీసుకోమనండి. బైబిల్లో పరలోక నిరీక్షణ ఎన్నోచోట్ల విందుగానే కనిపిస్తుంది.

నా సలహా ఆదికాండము 21:8తో మొదలుపెట్టమని. ఇస్సాకు పాలు మానిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడు. పిల్లవాడు ఒక మెట్టు ఎక్కాడని తల్లిదండ్రులు చేసిన వేడుక లేఖనంలోనే ఉందన్నమాట. ఒకరి ప్రాణం తీయడంతో ముగిసిన ఫరో, హేరోదు అనే రాజుల పుట్టినరోజులు (ఆదికాండము 40:20, మార్కు 6:21) చూపించి ఇలాంటి వేడుకలే తప్పనే వాళ్ళకు కూడా ఇదే జవాబు. ఆ కాలంలో పాలు మాన్పించేది రెండు మూడేళ్ళకు. ఆ వయసు చేరకుండానే పోయే పిల్లలు ఎక్కువ కాబట్టి, బిడ్డ అంతదాకా నిలిచాడంటే అది నిజంగా కృతజ్ఞత చెప్పాల్సిన రోజు.

అక్కడినుంచి హెబ్రీయులకు 11:9-10కి రావాలి. అదే అబ్రాహాము, అదే ఇస్సాకుతో గుడారాల్లో ఉంటూ, దేవుడు కట్టే పునాదులుగల పట్టణం కోసం ఎదురుచూశాడు. విందు చేసిన చెయ్యీ, ఆ పట్టణం కోసం చూసిన కన్నూ ఒకరివే. పరలోకం మీద ఆశ ఉన్నవాడు ఇక్కడి సంతోషాన్ని తక్కువ చేయనక్కర్లేదని వేరే వాదన లేకుండానే అర్థమవుతుంది. తర్వాత యెషయా 25:6-8. కొండమీద సమస్త జనములకు దేవుడు చేసే విందు, ఆ విందులోనే మరణాన్ని ఎన్నడూ ఉండకుండా మింగివేయడం, ప్రతివారి ముఖం మీది కన్నీళ్ళు తుడవడం. "సమస్త జనములకు" అని ఉంది కాబట్టి మీ పక్క ఫ్లాట్ల వాళ్ళు కూడా ఆ మాటలో ఉన్నారు. వాళ్ళను వేరుచేసి ఏమీ చెప్పక్కర్లేదు.

నాలుగోది మార్కు 5:35-43. చనిపోయిన యాయీరు కూతురు పన్నెండేళ్ళది. యేసు ఆమె చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" (చిన్నదానా, లెమ్ము) అన్నాడు, ఆమె లేచి నడిచింది. ఆ వెంటనే ఆయన చెప్పింది ఆ పాపకు తినడానికి ఏమైనా పెట్టమని. ఇక్కడ కాస్త ఆగమనండి. లూకా 24:42-43లో తిరిగి లేచిన యేసు కూడా కాల్చిన చేప తిన్నాడు. మన నిరీక్షణ గాల్లో తేలే ఆత్మల గురించి కాదు, శరీరంతో లేవడం గురించి. చెయ్యి పట్టుకోవడం, నడవడం, తినడం. ఏడాది పాప విషయంలో తల్లిదండ్రులు రోజూ చూసేవి ఇవే.

సమయం సంగతి. మొత్తం కూడిక నలభై నిమిషాలు దాటితే పాప ఉండదు, కొత్తవాళ్ళూ ఉండరు. ప్రారంభ ప్రార్థన రెండు నిమిషాలు, ఒక పాట (రెండు చరణాలు చాలు, పల్లవి తిప్పి తిప్పి పాడొద్దు) నాలుగు నిమిషాలు, తల్లిదండ్రుల కృతజ్ఞత మాటలు మూడు, వాక్యపఠనం మూడు, వాక్యం పన్నెండు నుంచి పదిహేను. పిల్లల అంశం ఐదు నిమిషాలు, పాపను ఎత్తుకుని ఆశీర్వాద ప్రార్థన మూడు, ముగింపు పాట, భోజనం కోసం ప్రార్థన. సాక్ష్యాలకు మైకు ఇవ్వొద్దు. కూడికలు గంటన్నర సాగేది అక్కడే, మీ భార్య భయపడుతున్న మాటలు వచ్చేదీ అక్కడే. "ఇంకెవరైనా రెండు మాటలు చెబుతారా" అని అడగవద్దని కూడిక నడిపించే వ్యక్తికి ముందే గట్టిగా చెప్పండి.

పెద్దపాప పేరు ఆశీర్వాద ప్రార్థనలో రావాలి, ఒక్కసారి, ఒకే వాక్యంలో. "ప్రభువా, ఈ తల్లిదండ్రులకు నీవిచ్చిన ఇద్దరు కుమార్తెలను బట్టి స్తోత్రం. నీ దగ్గరున్న ఫలానా పాపను బట్టి, మా చేతుల్లో ఉన్న ఈ పాపను బట్టి స్తోత్రం." ఆ వెంటనే చిన్నపాప కోసం ప్రార్థన కొనసాగాలి. ఇలా అయితే మీ అమ్మగారికి మనవరాలి పేరు వినబడుతుంది, అత్తగారికి వేడుక చెడదు. ప్రసంగంలో ఆ పేరు ఎత్తకుండా ఉండటం మంచిది. అక్కడ ఎత్తితే వివరించాల్సి వస్తుంది, వివరిస్తే అందరి కళ్ళూ తల్లి మీదికి వెళ్తాయి.

కల్యాణ్ నగర్ సండేస్కూల్ టీచర్:

అన్నా, పెద్దలు చెప్పింది బాగుంది. పిల్లల గురించి నేను రాస్తాను.

మరణం గురించి పిల్లలతో మాట్లాడేటప్పుడు మూడు మాటలు వాడొద్దు. "నిద్రపోయింది" అనొద్దు. ఐదారేళ్ళ పిల్లలు ఉన్నది ఉన్నట్టు తీసుకుంటారు, పడుకోవాలంటే భయపడతారు, తమ్ముడు నిద్రపోతే లేపేస్తారు. "ప్రభువునందు నిద్రించెను" అనేది పెద్దలకు అర్థమయ్యే మాట. "దేవుడికి నచ్చింది, తీసుకెళ్ళాడు" అనొద్దు. మంచిగా ఉంటే నన్నూ తీసుకెళ్తాడేమో అనుకుంటారు. "దేవదూత అయింది" అనొద్దు, అది వాక్యంలో లేదు. మత్తయి 18:10లో చిన్నవాళ్ళ దూతలు అని ఉంది కానీ చిన్నవాళ్ళే దూతలు అని లేదు. మనుషులు మనుషులుగానే లేస్తారు.

ఎవరైనా పిల్ల "అక్క ఎక్కడ?" అంటే సూటిగా చెప్పండి: "అక్క చనిపోయింది. తన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇప్పుడు యేసయ్య దగ్గర ఉంది. యేసయ్య వచ్చినప్పుడు లేపుతాడు, అప్పుడు అందరం కలుస్తాం." నాలుగు ముక్కలే. "ఎప్పుడు వస్తాడు?" అంటే "ఆ రోజు తండ్రికి మాత్రమే తెలుసు" అనండి. అంతకుమించి అడిగితేనే చెప్పాలి.

పిల్లల అంశానికి ప్రకటన 21లోని పట్టణం చార్టు చేయించండి. పదిహేను మందికి సరిగ్గా సరిపోతుంది. కావాల్సినవి: తెల్ల చార్టు పేపర్లు నాలుగు, లేత పసుపు చార్టు ఒకటి, స్కెచ్ పెన్నులు మూడు సెట్లు, గ్లూ స్టిక్కులు నాలుగు, స్కేలు, కట్టరు (పెద్దవాళ్ళ చేతిలోనే), వెనకనుంచి అతికించడానికి వెడల్పు టేపు. నాలుగు తెల్ల చార్టులనూ రెండేసి చొప్పున వెనక టేపుతో కలిపితే పెద్ద పలక వస్తుంది. దానిమీద ఒక చదరం గీసి ఒక్కో వైపు మూడేసి గుమ్మాలు పెట్టండి, మొత్తం పన్నెండు (ప్రకటన 21:12-13). ఒక్కో గుమ్మం మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు. పైనా, కిందా, ఒక పక్కా మాత్రమే కోయాలి. నాలుగో పక్కన స్కేలు ఆనించి రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీత లాగితే గుమ్మం తలుపులా చక్కగా మడత పడుతుంది. ఆ గీత లాగకపోతే పిల్లలు నాలుగుసార్లు తెరిచేసరికి మూలలో చిరుగుతుంది. కోయడం, మడత గీయడం ముందురోజు రాత్రే ఇంట్లో పూర్తి చేసుకోండి.

పసుపు చార్టును గుమ్మాల వెనక వచ్చేలా పన్నెండు ముక్కలు చేసి అతికించండి. ఆరోజు పిల్లలు ఒక్కో గుమ్మం వెనక తాము కలుసుకోవాలనుకునే వాళ్ళ బొమ్మ వేస్తారు. తాతయ్య కావచ్చు, దావీదు కావచ్చు, యేసయ్య కావచ్చు. ఎవరి బొమ్మ వేయాలో మనం చెప్పొద్దు. పన్నెండు గుమ్మాలు పన్నెండు మందికి, మిగిలిన ముగ్గురికి మధ్యలో నది, జీవవృక్షం, దాని పన్నెండు కాపులు (22:2). చిన్నవాళ్ళకు చెట్టు ఇవ్వండి, వేలిముద్రలతో పళ్ళు వేస్తారు.

సీసా జిగురు వద్దు. చార్టు తడిసి ఉబ్బుతుంది, ఆరేసరికి కూడిక అయిపోతుంది. మెరుపుల పొడి అసలే వద్దు, ఏడాది పాప కళ్ళలోకి, నోట్లోకి వెళ్తుంది. పెద్దలు పాటలు, వాక్యంలో ఉన్నప్పుడు పిల్లలు హాలు వెనక బల్ల దగ్గర ఇరవై నిమిషాల్లో ఇది పూర్తి చేస్తారు. తర్వాత ముందుకు తెచ్చి నిలబెట్టి, ఒక పాప 21:25 చదువుతుంది: అక్కడ రాత్రి లేదు, దాని గుమ్మములు పగటివేళ ఏమాత్రమును వేయబడవు. ఆ వాక్యానికి పిల్లలు పన్నెండు గుమ్మాలూ ఒక్కసారి తెరవాలి. ఐదు నిమిషాల్లో పెద్దవాళ్ళకు కూడా ప్రసంగం మొత్తం కళ్ళముందు కనిపిస్తుంది.

పెద్దపిల్లలకు జెకర్యా 8:5 కూడా చూపించండి. దేవుడు బాగుచేసే పట్టణం వీధుల నిండా ఆడుకునే మగపిల్లలు, ఆడపిల్లలు ఉంటారని రాసి ఉంది. పరలోకమంటే తెల్లబట్టలేసుకుని కదలకుండా పాడుతూ కూర్చోవడం అనుకునే పిల్లలకు ఈ మాట చాలా అవసరం.

విల్సన్ గార్డెన్ నుంచి:

నమస్కారమండి. మాది కతోలిక సంఘం, పద్ధతిలో తేడా ఉంటుంది, అయినా మీకు పనికొచ్చేది ఒకటుంది.

మా జ్ఞానస్నానంలో (బాప్తిస్మంలో) పాస్కా క్రొవ్వొత్తి (ఈస్టరుకు వెలిగించే పెద్ద క్రొవ్వొత్తి) నుంచి బిడ్డ పేరున ఒక చిన్న క్రొవ్వొత్తి వెలిగించి తల్లిదండ్రులకు ఇస్తారు. లూథరన్ సంఘాల్లో కూడా చాలాచోట్ల ఈ ఆచారం ఉంది. మొదటి పుట్టినరోజున కేకు కొవ్వొత్తికి ముందు దాన్ని వెలిగించి ప్రార్థన చేసుకునే కుటుంబాలున్నాయి. అదే పాస్కా క్రొవ్వొత్తిని అంత్యక్రియల పూజలో శవపేటిక దగ్గర కూడా నిలబెడతారు. జ్ఞానస్నానానికీ, అంత్యక్రియలకూ ఒకే వెలుగు, క్రీస్తు పునరుత్థానపు వెలుగు. మీ పెద్దపాపకు అలాంటి క్రొవ్వొత్తి ఉంటే ఇద్దరివీ పక్కపక్కన వెలిగించవచ్చు, మాటలేమీ అక్కర్లేదు. ఊదనివ్వకండి, ప్రార్థన కాగానే మూతతో ఆర్పి పక్కన పెట్టేయండి. లేకపోతే పిల్లలు అదీ పుట్టినరోజు కొవ్వొత్తే అనుకుని ఊదేస్తారు. గుడ్డ పరిచిన బల్లమీద పెట్టకుండా ఇసుక పోసిన గిన్నెలో నిలబెట్టండి. హాల్లో ఫ్యాన్లుంటాయి కాబట్టి గాజు చిమ్నీ కావాలి.

ఇంకో సంగతి. "పెద్దపాపకు జ్ఞానస్నానం అయిందా?" అని ఆరోజు ఎవరో ఒకరు అడుగుతారు, పెద్దవయసు వాళ్ళు తప్పకుండా అడుగుతారు. కాకపోయినా కంగారు పడకండి. మా శ్రీసభ సత్యోపదేశం (కతోలిక బోధలను వివరించే అధికారిక గ్రంథం) 1261వ పేరా అలాంటి శిశువులను దేవుని కనికరానికి అప్పగిస్తుంది, చిన్నబిడ్డలను నా యొద్దకు రానియ్యుడి అన్న యేసు మాటనే అక్కడ ఆధారంగా చూపిస్తుంది. లింబో (జ్ఞానస్నానం లేకుండా పోయిన పిల్లలు ఉంటారనే వేరే చోటు) అనే మాట చాలామంది పెద్దవాళ్ళ నోట వింటాం గానీ అది శ్రీసభ ఎప్పుడూ విశ్వాస సత్యంగా ప్రకటించింది కాదు.

కె.ఆర్.పురం పెద్ద:

మా బాప్టిస్టు సంఘాల్లో శిశువులకు బాప్తిస్మం ఇవ్వం, ప్రతిష్ఠ చేస్తాం. అయినా ఈ విషయంలో చివరికి చేరేది ఒకచోటికే. దావీదు బిడ్డ ఏడో రోజున చనిపోయినప్పుడు ఆయన "నేను వానియొద్దకు పోవుదును" అన్నాడు (2 సమూయేలు 12:23). ఆ ఒక్క మాట చాలు, ఎవరడిగినా అదే చెప్పండి.

అనకూడని మాటల గురించి ఇంకొంచెం. "ఒకరిని తీసుకున్నా ఇంకొకరిని ఇచ్చాడు" అనే మాట పాస్టర్ల నోట కూడా వస్తుంది. చిన్నపాప ఎవరి ఖాళీనో నింపడానికి పుట్టినట్టవుతుంది, పెద్దపాప లెక్కలోంచి పోయినట్టవుతుంది. దీనికి, ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న యోబు కథ చెప్పే గ్రంథంలోనే జవాబుంది. మొదటి అధ్యాయంలో యోబుకు 7000 గొర్రెలు, 3000 ఒంటెలు. చివరి అధ్యాయంలో 14000 గొర్రెలు, 6000 ఒంటెలు, ఎడ్లూ గాడిదలూ కూడా రెట్టింపే. పిల్లలు మాత్రం మొదటా ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు, చివరా అంతమందే. పిల్లల సంఖ్య ఎందుకు రెట్టింపు కాలేదంటే మొదటి పదిమంది యోబు దగ్గరినుంచి పూర్తిగా పోలేదు కాబట్టి అని పాతకాలం నుంచి వ్యాఖ్యానకర్తలు చెబుతూ వచ్చారు. వచనం తానుగా ఆ కారణం చెప్పదు, నిజమే, కానీ లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. మీకు ఇద్దరు కూతుళ్ళు. పిల్లలెంతమంది అని అడిగితే ఇద్దరని చెప్పడంలో తప్పేమీ లేదు.

రెండోది, "ఆ తల్లే మళ్ళీ నీ కడుపున పుట్టింది" అనే మాట. ఊరి నుంచి వచ్చే బంధువులు ప్రేమతోనే అంటారు. మనుషులు ఒక్కసారే మృతిపొందుతారనే హెబ్రీయులకు 9:27 చదివి అక్కడికక్కడే సరిదిద్దొద్దు. "ఇద్దరూ ఎవరికి వారేనమ్మా, పెద్దది ప్రభువు దగ్గరుంది, ఇది మా దగ్గరుంది" అని నవ్వుతూ చెబితే వాదన లేకుండా విషయం చేరుతుంది. మీ భార్యకు ఈ వాక్యం ముందే నోటికి అలవాటైతే ఆ క్షణంలో తడబడరు.

పెద్దపాప ఫొటో ప్రత్యేకంగా వేదిక మీద, కేకు పక్కన పెట్టొద్దు. వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి నోరు చప్పరిస్తారు, ఫొటోగ్రాఫరు కూడా అటే తిరుగుతాడు. దండ వేయడం అసలే వద్దు. గుమ్మం దగ్గర కుటుంబం ఫొటోలు ఎనిమిదో పదో పెట్టి, వాటిలో తల్లి ఒళ్ళో ఉన్న పెద్దపాప ఫొటో కూడా ఉండనివ్వండి.

మారతహళ్ళి నుంచి, కూడికల ఏర్పాట్లు చూసే వ్యక్తి:

అన్నా, హాలు, భోజనాల సంగతి నేను చెబుతాను.

సాయంత్రం వద్దు. శనివారం సాయంత్రం అవుటర్ రింగ్ రోడ్డు మీద ఏడింటికని పిలిస్తే ఎనిమిదింటికి వస్తారు. పది దాటాక మైకు వాడకూడదు, ఏడాది పాప అప్పటికి ఏడుపందుకుంటుంది. పొద్దున పదకొండుకి పెట్టండి. ఏడాది పిల్లలు చాలామంది తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక కునుకు తీస్తారు. లేచి తిన్నాక పదకొండుకి హుషారుగా ఉంటారు. పిలుపులో పదిన్నర అని వేయండి, 11:10కి మొదలు, 11:50కి ముగింపు, కేకు, 12:15కి భోజనం. ఒంటిగంటకు పాపను పైకి ఇంట్లోకి తీసుకెళ్ళి పడుకోబెట్టొచ్చు.

పార్టీ హాళ్ళలో గచ్చు, గాజు ఎక్కువ కాబట్టి మాట ప్రతిధ్వనిస్తుంది. పెద్ద స్పీకర్లు పెడితే వాక్యం ముక్క అర్థం కాదు. కూర్చున్నవాళ్ళ చెవుల ఎత్తులో రెండు చిన్న స్పీకర్లు, గోడకు కాక జనం వైపు తిప్పి, వాల్యూమ్ సగం. కుర్చీలు 70 చాలు, పిల్లలకు చాపలు.

భాష సంగతి. వాక్యం తెలుగులోనే ఉండనివ్వండి. వాక్యానికి వాక్యం అనువాదం పెడితే పదిహేను నిమిషాలు అరగంట అవుతుంది, పట్టు కూడా పోతుంది. ఒక ఏ4 కాగితంలో యెషయా 25:6-8, ప్రకటన 21:3-5 తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో అచ్చువేసి కుర్చీల మీద పెట్టండి. చివర్లో ఎవరైనా రెండు నిమిషాలు ఇంగ్లీషులో సారాంశం చెబితే చాలు. పాటకు నిలబడండి, కళ్ళు మూసుకోండి అని కొత్తవాళ్ళను బలవంతపెట్టొద్దు. "ఇప్పుడు పాప కోసం ప్రార్థన చేస్తాం, మీరు కూర్చునే ఉండవచ్చు" అంటే వాళ్ళకు ఇబ్బంది ఉండదు. మారుమనస్సు పిలుపు (యేసును నమ్ముకునేవాళ్ళు ముందుకు రండి అనడం) ఈ కూడికలో వద్దు. మీ ఇంటి అతిథులుగా వచ్చారు, సువార్త పాటలో, వాక్యంలో, మీరు పెట్టే అన్నంలో వాళ్ళకు అందుతుంది.

భోజనాలు: కిలో బాస్మతికి తొమ్మిది పదిమంది. ఎనభైలో యాభై ఐదుమంది మాంసాహారులనుకుంటే చికెన్ బిర్యానీకి ఆరు కిలోల బియ్యం, ఏడు కిలోల చికెన్. మిగతా పాతిక మందికి వెజ్ బిర్యానీ మూడు కిలోల బియ్యం, దానికి విడి గిన్నెలు, విడి గరిటెలు, విడి బల్ల. ఒకే బల్లమీద పక్కపక్కన పెడితే గరిటెలు మారిపోతాయి, శాకాహారులు తినకుండా వెళ్ళిపోతారు. ఇది చాలాచోట్ల జరిగేదే. చిన్నపిల్లలకు, పెద్దవాళ్ళకు పెరుగన్నం రెండు కిలోల బియ్యానికి చేయించండి. నీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు సరిపోతాయి, నాలుగోది దగ్గర పెట్టుకోండి. కేకు కిలోకి పదహారు నుంచి ఇరవై ముక్కలు వస్తాయి, ఐదు కిలోలు, గుడ్డు లేనిది.

పాపకు తినిపించే కేకులో తేనె, గట్టి పప్పులు లేకుండా చూడండి. ఏడాది నిండేదాకా తేనె అసలు నాకించకూడదు, కొన్నిసార్లు అందులో ఉండే బాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తుంది. పెద్దవాళ్ళు అలవాటుగా వేలితో నాకిస్తారు, ముందు చెప్పి ఉంచండి. ద్రాక్షలు పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. రబ్బరు బెలూన్లు పగిలిన ముక్కలు నోట్లోకి వెళ్తే గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి బెలూన్ల బదులు కాగితపు తోరణాలు కట్టండి. పార్టీ పాపర్లు కూడా వద్దు, ఆ చప్పుడుకి పాప జడుసుకుంటే ప్రార్థన సమయానికి కూడా ఊరుకోదు.

హోరమావు నాన్న:

అందరికీ చాలా వందనాలండి. ఇది చదివి నా భార్య మనసు కుదుటపడింది. ఆదికాండము 21:8 గురించి పాస్టరుగారికి చెప్పాను, ఆయనకూ నచ్చింది. రెండు సంగతులు మిగిలాయి. అరగంటను పదిహేను నిమిషాలకు తగ్గించమని ఆయనతో ఎలా అనాలి? ఇంకోటి, పెద్దపాప అక్కడ కూడా నాలుగు నెలల పసిబిడ్డగానే ఉంటుందా అని మా అమ్మ అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.

కె.ఆర్.పురం పెద్ద:

పాస్టరుగారిని తగ్గించమని అడగకండి. కార్యక్రమం కాగితం మీద నిమిషాలతో రాసి ముందుగా పంపండి: "11:22 వాక్యం, 11:37 పిల్లల అంశం." పిల్లలు చార్టు పట్టుకుని సిద్ధంగా నిలబడతారని చెప్పండి. ఎదురుగా పదిహేను మంది పిల్లలు నిలబడి ఉంటే ఏ బోధకుడైనా ముగిస్తాడు. కూడిక నడిపించే వ్యక్తి ముందు వరసలో కూర్చుని 11:34కి లేచి నిలబడితే చాలు.

అమ్మగారి ప్రశ్నకు జవాబు. లేఖనం వయసు చెప్పదు. 5వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీను, పసిపిల్లలు ఎదిగితే ఏ రూపానికి వచ్చేవారో ఆ నిండు రూపంతో లేస్తారని అభిప్రాయపడ్డాడు. అది ఆయన ఆలోచన, దాన్ని వాక్యంగా చెప్పొద్దు. వాక్యం ఖచ్చితంగా చెప్పేవి అమ్మగారికి చెప్పండి. ఇప్పుడు పాప క్రీస్తుతో ఉంది. ఆయన వచ్చినప్పుడు శరీరంతో లేస్తుంది, ఆ శరీరానికి జబ్బు గానీ చావు గానీ ఉండదు (1 కొరింథీయులకు 15:42-44). గుర్తుపడతామా అంటే, మగ్దలేనే మరియ తిరిగి లేచిన యేసును ముందు గుర్తుపట్టలేదు, ఆయన పేరుపెట్టి పిలవగానే పట్టింది (యోహాను 20:16). 1 థెస్సలొనీక 4:17లో "వారితోకూడ" అని ఉంది, అంటే చనిపోయినవాళ్ళతో కలిసి ప్రభువును ఎదుర్కొంటాం. నాయనమ్మకు మనవరాలు దొరుకుతుందని ధైర్యంగా చెప్పడానికి ఆ మాట సరిపోతుంది.

కూడికకు ముందే ఒక సాయంత్రం అమ్మగారిని, అత్తగారిని కలిపి కూర్చోబెట్టి ఈ మూడు భాగాలూ చదవండి. ఆశీర్వాద ప్రార్థనలో పేరు వచ్చే వాక్యం కూడా ఇద్దరికీ చదివి వినిపించండి, ముందే తెలిస్తే ఆరోజు ఎవరూ ఉలిక్కిపడరు.

కల్యాణ్ నగర్ సండేస్కూల్ టీచర్:

అన్నా, చార్టు గుమ్మాలు కోయడానికి శుక్రవారం సాయంత్రం మా క్లాసు నుంచి ఇద్దరు యూత్ పిల్లలను పంపగలను, కట్టర్లు వాళ్ళే తెచ్చుకుంటారు. స్కెచ్ పెన్నులు మాత్రం కొత్తవి కొనండి, పాతవి మధ్యలో ఎండిపోతాయి.